రాజీకి అరవై వేలంటున్నారు, సంతకం పెట్టమంటారా?

రణస్థలం మండలం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

ఆమె భర్త తాపీమేస్త్రీ. వయసు 38. నాలుగు నెలల కిందట సాయంత్రం పని ముగించుకుని హైవే మీద బైకుపై ఇంటికొస్తుంటే, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చిన చిన్న గూడ్స్ వ్యాన్ గుద్దింది. యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావడమెందుకని వ్యాను అలా అడ్డంగా వచ్చిందట. ఆయన కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. 108లో శ్రీకాకుళం రిమ్స్‌కు చేర్చారు. అక్కడ అవుట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చి ఏదో రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. మర్నాడు విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మార్చి, ఆపరేషన్ చేయించి రాడ్ వేయించారు. మొత్తం 3 లక్షల 40 వేలు ఖర్చయింది. సగానికి బంగారం తాకట్టు పెట్టారు, మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు.

వ్యాను ఓనర్ పరాయివాడు కాదు, ఆమె ఆడపడుచు అత్తవారి వైపు మనిషి. ఆ రోజు బండి నడిపింది ఆయన మేనల్లుడు, 22 ఏళ్ల కుర్రాడు. ఓనర్ తమ్ముడు విశాఖ దాకా తోడొచ్చాడు, ఫోన్‌పేలో 20 వేలు పంపాడు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు "బైకు స్కిడ్ అయిందని చెబుదాం, లేదంటే పోలీసు కేసంటారు" అని అలాగే రాయించాడు. వీళ్లు పోలీసు కేసు పెట్టలేదు. ఇప్పుడు పెద్దలు కూర్చుని ఇంకో 60 వేలు ఇప్పిస్తామంటున్నారు. బదులుగా 'ఇకపై మాకు ఎలాంటి క్లెయిమూ లేదు' అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాలి. "మనలో మనకి కేసులేటమ్మా, కుర్రాడి బతుకు పాడైపోదా" అని అడుగుతున్నారు. ఇంకోవైపు ఒక ఏజెంటు ఇంటికొచ్చి, పదిహేను లక్షలు ఇప్పిస్తాను, మూడో వంతు నాకివ్వండి అంటున్నాడు.

చివర్లో ఆమె ఇలా రాశారు: "మా ఆయనకు లైసెన్సు లేదు. బైకు ఇన్సూరెన్సు అయిపోయి రెండేళ్లయింది. ఆ రోజు హెల్మెట్ కూడా లేదు. మావే ఇన్ని తప్పులున్నప్పుడు మేం అడగడానికేముంది? ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు, పరంజా ఎక్కలేరు. నేనేం చెయ్యాలో చెప్పండి."

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్న ఒకటే అయినా, అందులో నాలుగైదు భయాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. వాటిని విడదీద్దాం. అంతవరకు ఒక్క మాట: ఆ స్టాంపు కాగితం మీద ఈ వారం సంతకం పెట్టకండి. పెద్దలకు కోపం తెప్పించకుండా "ఆయన కాలు ఎంతవరకు వస్తుందో డాక్టరు చెప్పాక మాట్లాడుకుందాం" అనండి. అది నిజమే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేరు.

మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది బంధుత్వం. క్లెయిమ్ వేస్తే ఓనర్ పొట్ట కొట్టినట్టు అవుతుందని మీరూ పెద్దలూ అనుకుంటున్నారు. కానీ ఆ వ్యానుకు ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు ఉంటే, మీకు చెల్లించాల్సింది కంపెనీ. మోటారు వాహనాల చట్టం ప్రతి బండికీ థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి చేసింది సరిగ్గా ఇందుకే, తన బండి వల్ల దెబ్బతిన్న మనిషికి ఓనర్ ఇల్లు అమ్ముకోకుండా పరిహారం అందాలని. ఆయన ఏటా ప్రీమియం కడుతున్నదీ అందుకే. పైగా థర్డ్ పార్టీ ప్రీమియం రేట్లు కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఒక క్లెయిమ్ వచ్చిందని ఆయనొక్కడికీ పెంచరు. ఇంకా చెప్పాలంటే, ప్రమాదం గురించి కంపెనీకి తెలియజేయకుండా సొంతంగా రాజీ చేసుకోవడం పాలసీ షరతులకే విరుద్ధం. ఈ నాలుగు ముక్కలూ మీ ఆడపడుచు చేత ఓనర్‌కు చెప్పించండి. 80 వేలు జేబులోంచి పెట్టుకునే బదులు పాలసీ కాపీ ఇస్తే ఆయనకూ మేలేనని తెలిస్తే మాట తీరు మారవచ్చు.

అయితే ఈ మాట రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మొదటిది, ఆ రోజు పాలసీ అమల్లో ఉండాలి. వ్యాను నంబరు మీకు తెలుసు కాబట్టి ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఇన్సూరెన్సు ఎప్పటివరకు ఉందో కనిపిస్తుంది. మధ్యలో రెన్యువల్ చేయించి ఉంటే కొత్త తేదీ కనిపిస్తుంది, అప్పుడు పాత పాలసీ కాగితం చూడాలి. రెండోది, కుర్రాడి లైసెన్సు. లైసెన్సే లేకపోతే సాధారణంగా కోర్టు కంపెనీని ముందు మీకు చెల్లించమని చెప్పి, ఆ సొమ్ము ఓనర్ నుంచి రాబట్టుకునే హక్కు కంపెనీకి ఇస్తుంది. అప్పుడు భారం నిజంగానే మీ బంధువు మీద పడుతుంది. కారు లైసెన్సు ఉండి గూడ్స్ బండి నడిపాడంటే భయం లేదు. ఏడున్నర టన్నుల లోపు వాహనానికి మామూలు ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పెద్దలు కేసు వద్దని ఇంత గట్టిగా అంటున్నారంటే, అసలు కారణం ఈ రెండింటిలో ఒకటి కావచ్చు. పాలసీ, లైసెన్సు చూపించమని అడిగితే తేలిపోతుంది.

కుర్రాడి సంగతి కూడా చూద్దాం. ఇలాంటి ప్రమాదంలో భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా నడపడం), 125(బి) (తీవ్ర గాయం చేయడం) సెక్షన్లు పెడతారు. రెండూ బెయిలబుల్. నేరం రుజువైతే శిక్ష పడే అవకాశం లేదని నేను అనను. కానీ కేసు పెట్టగానే కుర్రాణ్ని జైల్లో పెడతారన్నది మిమ్మల్ని ఆపడానికి అంటున్న మాట.

ఇప్పుడు గడువు. చట్టంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పరిహారం కేసులు తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వెయ్యాలి. ఈ నిబంధన చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో క్లెయిములు కొట్టివేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతరంగా చెప్పింది కూడా. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మీకింకా ఏడెనిమిది వారాలుంది, చాలినంత సమయమే. కాలు పూర్తిగా మానకపోయినా, వైకల్యం సర్టిఫికెట్ చేతికి రాకపోయినా పిటిషన్ వెయ్యవచ్చు. ఆ కాగితాలు తర్వాత దాఖలు చేస్తారు. పెద్దల మాటలతో "వచ్చే అమావాస్యకి, పండగయ్యాక" అని రోజులు జరుగుతూ పోతుంటాయి. అలా జరగనివ్వకండి.

మీరు "కేసు పెట్టలేదు" అని రాశారు. నాకు ఆ మాట మీదే అనుమానం. రిమ్స్ లాంటి ప్రభుత్వాసుపత్రికి రోడ్డు ప్రమాదం కేసు రాగానే దాన్ని ఎం.ఎల్.సి.గా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా, రిజిస్టర్ చేస్తారు. అవుట్‌పోస్టు పోలీసు వచ్చి గాయపడినవారి వాంగ్మూలం తీసుకుని, ప్రమాదం జరిగిన పరిధిలోని స్టేషనుకు పంపుతారు. మీ ఆయన సంతకం చేసింది బహుశా ఆ వాంగ్మూలం మీదే. దాని ఆధారంగా ఎఫ్.ఐ.ఆర్. ఇప్పటికే నమోదై ఉండవచ్చు. కాబట్టి మొట్టమొదట స్టేషనుకు వెళ్లి, ఫలానా తేదీన రిమ్స్ నుంచి వచ్చిన సమాచారం మీద ఏం చేశారని అడగండి. నమోదై ఉంటే కాపీ తీసుకోండి. కాకపోతే మీ ఆయన పేరు మీద ఇప్పుడు ఫిర్యాదు ఇవ్వండి. ప్రాణం దక్కించుకునే పనిలో ఉన్నవాళ్లు ముందు స్టేషనుకు పరుగెత్తరని కోర్టులకు తెలుసు. ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే ఉన్నది ఉన్నట్టు రాయండి: ఆపరేషన్, బంధువుల రాజీ మాటలు, అన్నీ. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే లాయరు ద్వారా మేజిస్ట్రేటును అడగవచ్చు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టింది విశాఖ ఆసుపత్రిలో రాయించిన ఆ ఒక్క వాక్యం, "బైకు స్కిడ్ అయి పడ్డాడు". కంపెనీ లాయరు కేస్ షీటులో మొదట వెతికేది అదే. ఎవరూ గుద్దలేదు, తనంతట తనే పడ్డాడు, తర్వాత డబ్బు కోసం వ్యానును ఇరికించారు అని వాదిస్తాడు. మంచి మనసుతోనో భయంతోనో చెప్పిన ఆ మాట వల్ల సిసలైన క్లెయిములు కూడా కూలిపోయాయి.

మీ విషయంలో ఆశ ఉన్నది రిమ్స్ రికార్డు వల్ల. అది ముందుగా రాసింది, ప్రమాదం జరిగిన గంటల్లోనే రాసింది. అందులో "వ్యాన్ గుద్దింది" అని ఉంటే, మర్నాడు పక్కవాడు చెప్పిన మాట కంటే దానికే బరువెక్కువ. విశాఖలో ఆ వివరం చెప్పింది మీ ఆయన కాదు, ఓనర్ తమ్ముడు. ఆ సంగతి మీ ఆయన కోర్టులో ప్రమాణం చేసి చెప్పవచ్చు. ఆ రోజు ఓనర్ తమ్ముడి ఫోన్ నుంచి వచ్చిన 20 వేల ఫోన్‌పే రసీదు ఉంది కదా, దాన్ని ప్రింటు తీయించి దాచండి. ఏ సంబంధమూ లేనివాళ్లు ఆసుపత్రికి వచ్చి 20 వేలు ఎందుకు కట్టారన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి. రాజీ గురించి వచ్చిన వాట్సాప్ మెసేజీలు, వ్యాను ముందు భాగం దెబ్బతిన్న ఫోటోలు, ఆ రోజు మీ ఆయన్ని 108 ఎక్కించిన మనుషుల పేర్లు, ఏది దొరికితే అది పోగు చేయండి. నాలుగు నెలలైంది కాబట్టి పెట్రోలు బంకుల సీసీ కెమెరా రికార్డింగు ఉంటుందని ఆశించకండి.

రెండు పనులు మాత్రం చెయ్యవద్దు. విశాఖ కేస్ షీటును దిద్దించే ప్రయత్నం వద్దు. దిద్దిన కాగితం దొరికితే నిజం కూడా అబద్ధమైపోతుంది. రెండోది, వ్యానుకు ఇన్సూరెన్సు లేదని తేలితే ఎవరో ఒకరు "ఇన్సూరెన్సున్న వేరే బండి చూపిద్దాం", లేదా "లైసెన్సున్న వేరే మనిషి నడిపాడందాం" అంటారు. దానికి ఒప్పుకోకండి. కంపెనీలు ఇలాంటివాటి మీద విచారణ చేయిస్తాయి. అప్పుడు పరిహారం మాట అటుంచి, మీ ఆయన మీదే మోసం కేసు అవుతుంది.

ఒకవేళ రిమ్స్ వాంగ్మూలంలో కూడా "నేనే పడ్డాను" అని ఉంటే? అప్పుడు దారి కష్టం. క్లెయిమ్ వెయ్యలేరని కాదు, గెలుస్తుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఆ పరిస్థితిలో ఓనర్‌తో రాజీకే విలువ పెరుగుతుంది, అప్పుడైనా 60 వేలకు ఒప్పుకోకుండా బిల్లులన్నీ ముందుపెట్టి మాట్లాడాలి. అందుకే ఏ నిర్ణయానికైనా ముందు ఆ రెండు కాగితాలు, రిమ్స్ ఎం.ఎల్.సి. వివరాలు, స్టేషన్లో ఉన్న వాంగ్మూలం, మీ కళ్లతో చూడాలి.

మీ తప్పుల గురించి రాశారు. లైసెన్సు లేకుండా బండి నడపడం తప్పే, 5 వేల జరిమానా ఉంది. ఇన్సూరెన్సు లేనందుకు మొదటిసారి 2 వేలు, హెల్మెట్ లేనందుకు వెయ్యి. ఆయన మళ్లీ బండెక్కేలోపు ఇవి సరిచేసుకోండి, నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. కానీ ఇవేవీ మీ క్లెయిముకు తలుపు మూయవు. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో అతనికి భాగముందని అనుకోకూడదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. చూడాల్సింది, ఆ లోపం వల్లే ప్రమాదం జరిగిందా అన్నది. విరిగింది కాలు, హెల్మెట్ ఉన్నా విరిగేది. రాంగ్ రూట్‌లో వచ్చింది వ్యాను. మీ బైకు పాలసీతో ఈ క్లెయిముకు సంబంధమే లేదు, మీరు అడుగుతున్నది వ్యాను పాలసీ మీద. కంపెనీ మాత్రం మీ ఆయనదీ కొంత తప్పుందని వాదిస్తుంది, అది నెగ్గితే ఆ మేరకు కొంత కోత పడవచ్చు.

డబ్బు లెక్క చెబుతాను, పెద్దలు చెప్పే 60 వేలనూ ఏజెంటు చెప్పే 15 లక్షలనూ మీరే తూచుకోవచ్చు. గాయాల కేసులో కోర్టు మొదట చూసేది ఆ గాయం మనిషి సంపాదనను ఎంత తగ్గించిందని. డాక్టరు కాలికి ఇచ్చే వైకల్య శాతం ఒకటి, సంపాదన మీద దెబ్బ ఇంకొకటి. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికీ, పరంజా ఎక్కి గోడ కట్టే మేస్త్రీకీ ఒకే కాలు విరిగినా నష్టం ఒకటి కాదు. ఇది సుప్రీంకోర్టు 2011లో విడమరచి చెప్పిన సూత్రం. మీ ఆయనకు సంపాదన రుజువు లేదు కాబట్టి కోర్టు నెలకు 12 వేలు అనుకుందనుకోండి. నలభై లోపు వయసు, సొంతంగా పనిచేసుకునే మనిషి కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 16,800, ఏడాదికి 2,01,600. సంపాదన మీద దెబ్బ 30 శాతం అనుకుంటే ఏడాదికి 60,480. దాన్ని ఎన్నేళ్లతో హెచ్చించాలో వయసును బట్టి చెప్పే అంకె, గుణకం, ఆయనకు 15. మొత్తం 9,07,200. దీనికి ఆసుపత్రి బిల్లులు, పనిలేని నెలల కూలి, నొప్పికీ బాధకూ ఇచ్చేది, ముందుముందు రాడ్ తీయించే ఖర్చు, పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కలుస్తాయి. అదే 20 శాతం అనుకుంటే ఆ తొమ్మిది లక్షలు ఆరు లక్షల చిల్లర అవుతాయి. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, హామీ కాదు. అయినా 60 వేలు ఎక్కడుందో మీకు తెలుస్తుంది.

ఇక్కడొక చిన్న సంగతి. మన ఊళ్లలో ఆధార్‌లో వయసు ఎక్కువ తక్కువలు పడటం మామూలే. మీ ఆయన ఆధార్‌లో 41 అని ఉంటే గుణకం 14కి, ఆ 40 శాతం 25కి పడిపోతాయి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌కే విలువని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన అయిదో తరగతి చదివినా సరే, ఆ బడికెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోండి.

మీ ముందు దారులు మూడున్నాయి. ఒకటి, తప్పు ఎవరిదో రుజువు చేసి పూర్తి పరిహారం అడగడం, మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వెయ్యవచ్చు, మీకు శ్రీకాకుళం జిల్లా కోర్టే. రెండు మూడేళ్లు పట్టవచ్చు. మీ ఆయన, ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పాలి. రెండోది 164 సెక్షన్. తప్పెవరిదో రుజువు చెయ్యనక్కర్లేదు, తీవ్ర గాయానికి 2 లక్షల 50 వేలు. వ్యాను వల్లే గాయమైందని మాత్రం చూపించాలి. తొందరగా తేలవచ్చు, కానీ కంపెనీతో ఒప్పుకుని ఆ సొమ్ము తీసుకుంటే 166 కింద వేసిన క్లెయిమ్ రద్దవుతుంది. మీకు ఖర్చే 3 లక్షల 40 వేలయింది కాబట్టి, రిమ్స్ రికార్డు మీకు అనుకూలంగా ఉంటే నేనైతే ఆ దారి చూడను. రికార్డు బలహీనంగా ఉంటే లాయరుతో ఆలోచించండి. మూడోది, 166 కింద పిటిషన్ వేసి, తర్వాత లోక్ అదాలత్‌లో కంపెనీతో రాజీపడటం. ఎక్కువమంది ఇలాగే తేల్చుకుంటారు. పూర్తి మొత్తం కంటే తక్కువే వస్తుంది, త్వరగా వస్తుంది. అక్కడ ఒకసారి ఒప్పుకుంటే అప్పీలు ఉండదు, కాబట్టి అంకె మీరే విని, మీరే సరేననాలి. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటికి మూడేళ్ల తర్వాత వచ్చే ఎక్కువ కంటే ఏడాదిలో వచ్చే తక్కువ మేలు కావచ్చు. ఆ లెక్క మీ ఇంట్లోనే తేలాలి.

ఈలోగా ఓనర్ ఇస్తానన్న సాయం వద్దనకండి. తీసుకుని, "వైద్య ఖర్చుల నిమిత్తం ముట్టింది" అని మాత్రమే రాసివ్వండి. 'ఇక క్లెయిమ్ లేదు' అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా ఉండకూడదు. చదవకుండా, ఖాళీలు వదిలి సంతకం వద్దు.

ఏజెంటును మర్యాదగా పంపించండి. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకే బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు, ఇక ఏజెంటుకు ఏ హక్కుంది? పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వకండి. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆదాయం పరిమితిలోపు ఉన్నవారికీ, వికలాంగులకూ, ఎస్సీ ఎస్టీలకూ ఉచితంగా లాయరును ఇస్తారు. దరఖాస్తు మీ ఆయన పేరు మీద పెట్టాలి, గాయపడింది ఆయన కదా. 15100కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

వైకల్యం నిర్ధారించే సదరం శిబిరంలో పేరు నమోదు చేయించండి. ఆ సర్టిఫికెట్ పింఛనుకూ పనికొస్తుంది, కోర్టులోనూ దాఖలు చెయ్యవచ్చు. అయినా ఆపరేషన్ చేసిన డాక్టరు నోటితో "ఈ మనిషి ఇక పరంజా ఎక్కలేడు" అని చెప్పించడం దానికంటే ముఖ్యం. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే కార్మిక శాఖ ఆఫీసులో కూడా ఒకసారి అడగండి.

సోమవారం స్టేషనుకు వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, మీ అన్ననో తమ్ముణ్నో వెంటబెట్టుకోండి. ప్రమాదం తేదీ, వ్యాను నంబరు, రిమ్స్‌లో ఇచ్చిన ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం జిరాక్సు చాలు. ఒరిజినల్ బిల్లులు ఎవరికీ ఇవ్వవద్దు, మందుల షాపు చీటీలు సహా తేదీల వరసన ఒక సంచిలో పెట్టండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ, రిమ్స్ కాగితం చేతికొచ్చాక అందులో ఏముందో మళ్లీ రాయండి. ఏ దారి మీకు నప్పుతుందో అప్పుడు ఇంకా స్పష్టంగా చెప్పగలను.